వందకు పావలా

2025 నవంబర్ 12, సాయంత్రం నాలుగు గంటలు. అక్టోబర్ నెల చిల్లర ద్రవ్యోల్బణం ఎంతో కేంద్ర గణాంక శాఖ బయటపెట్టింది: 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా అప్పట్లో నడుస్తున్న వినియోగదారుల ధరల సూచీలో అంత తక్కువ అంకె అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఆ రాత్రి టీవీలో వార్త వింటున్న మా అత్తయ్య నా వైపు తిరిగింది.

"అంటే వందకు పావలా పెరిగిందనేగా? నెలకా, ఏడాదికా?"

నవ్వబోయి ఆగాను. ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా డ్వాక్రా సంఘంలో ఉన్న మనిషి. మన దగ్గర పావలా అంటే నెల లెక్క. పావలా వడ్డీ అంటే నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. శాతాలు పలికే అలవాటు మనకు బ్యాంకులతో వచ్చింది, ఈ లెక్క దానికంటే చాలా ముందు నుంచీ ఉంది.

"ఏడాదికే అత్తయ్యా," అన్నాను.

"ఏడాది మొత్తానికి పావలానా! ఏ ఊళ్ళో?"

ఆ రెండు ప్రశ్నలూ పైకి కనిపించినంత అమాయకమైనవి కావు. ద్రవ్యోల్బణం గురించి పేపర్లో వచ్చే ఏ వార్తనైనా చదివే ముందు అడగాల్సినవి అవే.

మొదటి ప్రశ్నకు జవాబు అసలు సూచీలో ఉంది. శాతం వెనక ఒక సంఖ్య ఉంటుంది, పేపర్లు దాన్ని వేయవు. 2024 అక్టోబర్‌లో ఆ సంఖ్య 196.8. 2025 అక్టోబర్‌లో 197.3. తేడా అర పాయింటు. ఆ అరను 196.8తో భాగిస్తే వచ్చేదే 0.25 శాతం. 2012లో వంద రూపాయలకు వచ్చిన సరుకుల మూటకు 2025 అక్టోబర్‌లో 197 రూపాయల 30 పైసలు పెట్టాలని ఆ 197.3 అర్థం. సుమారు పదమూడేళ్ళలో రెట్టింపుకు కాస్త తక్కువ. (పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లుబాటు కాకుండా పోయింది. ఆ నాణెం పోయిన మరుసటి సంవత్సరమే ఈ సూచీకి ఆధారం కావడం కాకతాళీయమే అయినా నాకు భలే అనిపిస్తుంది.)

శాతాన్ని పక్కన పెట్టి ఈ సంఖ్యనే వెంబడిస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. నాలుగు జూలై నెలలు తీసుకుందాం. 2022 జూలైలో సూచీ 173.4. 2023 జూలైలో 186.3. 2024 జూలైలో 193. 2025 జూలైలో 196. ఇవే పేపర్లో ఎలా వచ్చాయి? 2023లో "ద్రవ్యోల్బణం 7.44 శాతం, ధరల మంట" అన్నారు. 2024లో 3.5 శాతం దగ్గరికి రాగానే "దాదాపు ఐదేళ్ళ కనిష్ఠం, ఊరట" అన్నారు. 2025లో 1.55 శాతం, "మరింత ఊరట". జూలైకి జూలై పోల్చి చూస్తే, ఊరట అన్న రెండేళ్ళలోనూ సూచీ కిందికి దిగలేదు. 186 నుంచి 193కు, అక్కడి నుంచి 196కు ఎక్కింది. మూడేళ్ళలో మొత్తం 13 శాతం. ధరలు కొండెక్కాయి అంటుంటాం కదా, ద్రవ్యోల్బణం తగ్గడమంటే ఎక్కే వేగం తగ్గడం. కొండ మీదే ఉన్నాం, కాస్త ఆయాసం తీర్చుకుంటున్నాం, అంతే.

అందుకే జీతగాడి ఇంట్లో ఈ వార్త ఎప్పుడూ అబద్ధంలా వినిపిస్తుంది. ఆయన పోల్చుకునేది జీతం చివరిసారి బాగా పెరిగిననాటి ధరతో. ప్రభుత్వం పోల్చేది సరిగ్గా నిరుటి ఇదే నెలతో. ఇద్దరిదీ నిజమే, తేదీలే వేరు.

ఈ "నిరుటి ఇదే నెల" మహా చమత్కారి. అది అర్థం కావాలంటే ఒకసారి మదనపల్లె వెళ్ళి రావాలి.

2023 జూన్‌లో దేశ ద్రవ్యోల్బణం 4.87 శాతం. ఎవరూ పట్టించుకోని అంకె. ఒక్క నెల తిరిగేసరికి 7.44 అయింది. సూచీ 181 నుంచి 186.3కు, అంటే ఒకే నెలలో దాదాపు మూడు శాతం దూకింది. దానికి ప్రధాన కారణం యార్డుల్లో క్రేట్లలో కూర్చుని ఉంది. మదనపల్లె టమాటా మార్కెట్లో ఆ జూలై చివర మేలురకం కాయ కిలో రెండు వందల దగ్గరికి చేరింది. మామూలు రోజుల్లో వేలం పాటకు ముందు మండీల్లో క్రేట్లు కుప్పలుగా పేర్చి ఉంటాయి. కాయ మీద చెయ్యి వేసి చూసి, మచ్చ ఉంటే మూతి విరిచి, రెండు మూడు రూపాయలు కోసే వ్యాపారులు అప్పుడు లారీకి సరిపడా సరుకు దొరికితే చాలనుకున్నారు. కేంద్రం సహకార సమాఖ్యల చేత ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రల్లో టమాటా కొనిపించి ఢిల్లీలో కిలో 90 రూపాయలకు అమ్మించింది. నిరుటి జూలైతో పోలిస్తే దేశం మొత్తమ్మీద టమాటా ధర 201 శాతం పెరిగింది, అంటే మూడింతలు.

2012 ఆధారంగా నడిచిన ఆ సూచీలో టమాటాకు ఉన్న వెయిటేజీ ఎంతో తెలుసా? 0.57 శాతం. వంద రూపాయల ఖర్చులో యాభై ఏడు పైసలు. ముతక లెక్క వేస్తే, 57 పైసల సరుకు మూడింతలైతే వంద మీద అదనంగా పడేది ఒక రూపాయి పదిహేను పైసలు. ఒక్క కూరగాయ దేశ ద్రవ్యోల్బణానికి ఒక శాతం పైగా జోడించింది. ఉల్లి వెయిటేజీ 0.64, బంగాళాదుంపది 0.98. మూడూ కలిపినా రెండు శాతం చిల్లరే. రిజర్వు బ్యాంకు గవర్నర్లను నిద్రపోనివ్వనివి ఈ మూడే.

మళ్ళీ సెప్టెంబర్ నాటికి మదనపల్లెలో అదే కాయకు గిరాకీ లేదు. ఎక్కినంత వేగంగానే దిగింది. ధర చూసి నాటినవాళ్ళ పంట అంతా ఒకేసారి కోతకొచ్చింది. దేశ ద్రవ్యోల్బణం 5.02కు వచ్చింది.

ఇప్పుడు 2024 జూలైకి రండి. ఆ నెల ద్రవ్యోల్బణం సగానికి సగం పడిపోయిందని పండగ చేసుకున్నారు. ఆ నెల టమాటా చవకేమీ కాదు. కాకపోతే దాన్ని పోల్చింది 2023 జూలై టమాటాతో. మూడింతలైన ధర పక్కన నిలబెడితే ఏ ధరైనా చిన్నగానే కనబడుతుంది. ఆర్థికవేత్తలు దీన్ని బేస్ ఎఫెక్ట్ అంటారు. నేనైతే నిరుటి నీడ అంటాను. నిరుడు నీడ పొడుగ్గా ఉంటే ఈ ఏటి మనిషి పొట్టిగా కనిపిస్తాడు. 2025 అక్టోబర్ 0.25 వెనకా ఇదే ఉంది. 2024 అక్టోబర్‌లో కూరగాయలు 42 శాతం, ఆహారం మొత్తం 10.87 శాతం పెరిగి ద్రవ్యోల్బణం 6.21కి చేరింది. ఏడాది తిరిగాక కూరగాయలు మైనస్ 27.57 శాతం. లెక్క వేసి చూడండి: 100 రూపాయల కూరగాయలు 142 అయ్యాయి, అందులో 27.57 శాతం పోతే 103 అయ్యాయి. రెండేళ్ళ కిందటి ధరకు మూడు రూపాయలు ఎక్కువగానే వచ్చి ఆగాయి. ఈ రెండేళ్ళలో ఒకసారి "కూరగాయలు భగ్గు", ఇంకోసారి "కూరగాయలు ఢమాల్" అని రాసుకున్నాం. రెండూ కలిపితే ఏడాదికి ఒకటిన్నర శాతం.

ఇంత కథలో చెప్పాల్సిన చిన్న సంగతి ఇంకోటి. ఆ అక్టోబర్‌లో కాస్త వెన్నుదన్ను జీఎస్‌టీ కోతల నుంచీ వచ్చింది. సెప్టెంబర్ 22 నుంచి చాలా సరుకుల మీద పన్ను తగ్గింది. అది ఒకసారి జరిగే తగ్గింపు, ఏడాది తిరిగాక దాని ప్రభావం లెక్కలోంచి తప్పుకుంటుంది.

ఏ ఊళ్ళో?

అత్తయ్య రెండో ప్రశ్నకు ప్రభుత్వ సమాధానం ఇది: 1,181 పల్లెలు, 1,114 పట్టణ మార్కెట్లు. డిసెంబర్ 2025 దాకా నడిచిన పాత సూచీకి ధరలు అక్కడి నుంచే వచ్చేవి. 299 రకాల సరుకులు, సేవలు. ధరలు రాసుకునే మనిషి ప్రతి నెలా అదే అంగడికి వెళ్ళాలి, అదే రకం బియ్యం, అదే కొలత అడగాలి. సన్నబియ్యం లేదని దొడ్డు బియ్యం ధర రాసుకుంటే లెక్క చెడుతుంది. ఐదు రూపాయల బిస్కెట్ పొట్లం ఇప్పటికీ ఐదు రూపాయలే కదా అని సరిపెట్టుకోకూడదు, పొట్లం ఎన్ని గ్రాములో చూడాలి. కంపెనీ ధర పెంచకుండా బిస్కెట్లు తగ్గిస్తే అదీ ధర పెరగడమే. పిల్లలకు ఈ సంగతి గణాంకాధికారుల కంటే ముందే తెలుసు, నాలుగు కొరికేసరికి పొట్లం ఖాళీ.

ధరలు రాసుకుంటే సరిపోదు, ఏ ధరకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చాలి. అది తేల్చేది వెయిటేజీ. పాత సూచీలో తిండి, పానీయాల వాటా 45.86. పల్లెల్లో 54, పట్టణాల్లో 36. ఇంటి అద్దె 10.07, వైద్యం 5.89, చదువు 4.46. ఈ వాటాలు ఎక్కడివి? 2011-12లో జాతీయ నమూనా సర్వే వాళ్ళు ఇళ్ళకు తిరిగి ఏం కొన్నారు, ఎంతకు కొన్నారు అని రాసుకున్న లెక్కలు. ఆ తర్వాత 2017-18లో ఇంకో సర్వే జరిగింది. దాని నాణ్యత బాగోలేదంటూ 2019లో ప్రభుత్వం ఫలితాలను పక్కన పెట్టేసింది. దాంతో స్మార్ట్‌ఫోన్, జియో, ఇంటికే బిర్యానీ తెచ్చిచ్చే కుర్రాళ్ళు ఇవన్నీ వచ్చాక కూడా దేశం 2011 నాటి సంచితోనే అంగడికి వెళ్ళింది. ఆ సంచిలో వీసీఆర్, టేప్‌రికార్డరు కూడా ఉన్నాయి. పల్లెల్లో ఇంటి అద్దె మాత్రం లేదు. ఊళ్ళో అద్దెలుండవని అప్పటి నమ్మకం. మండల కేంద్రంలో టీచరు ఉద్యోగం చేసేవాళ్ళను ఎవరినైనా అడిగితే తెలిసేది.

2026 ఫిబ్రవరి 12న ఆ సంచి మారింది. 2024ను వందగా తీసుకుని కొత్త సూచీ మొదలైంది. తిండి వాటా 37 శాతం లోపుకు దిగింది. పల్లెల్లో ఇంటి అద్దె చేరింది, ఓటీటీ చందాలు చేరాయి, వీసీఆర్‌కూ టేప్‌రికార్డరుకూ సెలవు ఇచ్చారు. కొత్త లెక్కలో మొదటి అంకె, 2026 జనవరిది, 2.75 శాతం. పాత లెక్కలో చివరి అంకె, 2025 డిసెంబర్‌ది, 1.33. రెండింటినీ పక్కపక్కన పెట్టి "ఒక్క నెలలో రెట్టింపు" అనేస్తే కుదరదు, సంచే వేరు.

సంచిలో నాకు అన్నిటికంటే వింతగా తోచేది బంగారం. పాత సూచీలో సబ్బు, తలనూనె, మంగలి కూలీ ఉండే అరలోనే బంగారం కూడా ఉండేది. వ్యక్తిగత సంరక్షణ అట. మన పెళ్ళిళ్ళు చూస్తే ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. దాని వెయిటేజీ 1.08 శాతం. 2025 అక్టోబర్ నాటికి బంగారం ధర ఏడాదిలో 50 శాతానికి పైగా పెరిగింది. 1.08లో సగం అంటే 0.54. అంటే వందకు పావలా పెరిగిన ఆ నెలలో ఒక్క బంగారమే అర్ధరూపాయికి పైగా మోసింది. దాన్ని తీసేస్తే దేశ ద్రవ్యోల్బణం సున్నా కిందికి వెళ్ళేది. పిల్ల పెళ్ళికి ఐదు కాసులు కొనాల్సిన ఇంటికి ఆ అక్టోబర్ అప్పటిదాకా అత్యంత ఖరీదైన నెల. పెళ్ళీడు పిల్లలు లేని ఇంటికి ఆ సూచీ చరిత్రలోకెల్లా ధరలు అతి తక్కువగా పెరిగిన నెలల్లో ఒకటి. పక్కపక్క వాటాల్లో ఉండే రెండిళ్ళు ఇవి.

వంటనూనె కూడా అలాగే ఎదురు నడిచింది. పప్పులు 16 శాతం తగ్గిన ఆ నెలలో నూనెలు 11 శాతం పెరిగాయి. వంటనూనెలో సగానికి పైగా మనం బయటి నుంచి తెచ్చుకుంటాం, పామాయిల్ ఇండొనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2024 సెప్టెంబర్‌లో ముడి నూనెల మీద దిగుమతి సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, 2025 మే చివర మళ్ళీ 10కి తగ్గించారు. మన అరిసెల బాణలి ధర ఢిల్లీలోనూ జకార్తాలోనూ తేలుతుంది.

ఎవరి వంద?

ఇప్పుడు రెండిళ్ళు ఊహించుకోండి. ఒకటి కూలీ ఇల్లు. వందలో అరవై తిండికే పోతుంది. రెండోది హైదరాబాద్ ఉద్యోగి ఇల్లు. తిండికి పాతికే, మిగతా డెబ్బై ఐదు అద్దె, ఫీజులు, పెట్రోలు, ఆస్పత్రి. ముతక లెక్కే వేద్దాం. 2025 అక్టోబర్‌లో ఆహారం ఏడాది కిందటితో పోలిస్తే 5 శాతం తగ్గింది, మిగతా ఖర్చులు మొత్తమ్మీద 4 శాతం దాకా పెరిగాయనుకుందాం. కూలీ ఇంట్లో అరవై మీద మూడు రూపాయలు మిగిలాయి, నలభై మీద రూపాయి అరవై పైసలు అదనంగా పోయాయి. మొత్తమ్మీద వందకు రూపాయి నలభై తగ్గింది. ఉద్యోగి ఇంట్లో పాతిక మీద రూపాయి పావలా మిగిలింది, డెబ్బై ఐదు మీద మూడు రూపాయలు పెరిగాయి. వందకు రూపాయి ముప్పావలా భారం. ఒకే దేశం, ఒకే నెల, ఒకే 0.25.

ఏడాది వెనక్కి వెళ్తే ఇదంతా తిరగబడుతుంది. 2024 అక్టోబర్‌లో ఆహారం 10.87 శాతం, మిగతావి 3 శాతం చొప్పున పెరిగాయనుకుంటే కూలీ ఇంటికి వందకు ఏడు రూపాయల డెబ్బై పైసలు, ఉద్యోగి ఇంటికి ఐదు రూపాయలు. ఉద్యోగి ఇల్లు ఐదు నుంచి రెండు లోపుకు దిగింది. కూలీ ఇల్లు ఎనిమిది దగ్గర నుంచి మైనస్‌లోకి పడింది. పేదవాడి ద్రవ్యోల్బణం తూగుటుయ్యాల. పెద్దింటిది కుర్చీలో కూర్చుని ఊగడం. దేశ సగటు చెప్పేటప్పుడు ఈ రెండూ కలిసిపోయి ఎవరికీ తగలని అంకె తయారవుతుంది.

ఉద్యోగుల మాట వచ్చింది కాబట్టి: కరువు భత్యం (డీఏ) ఈ సూచీతో లెక్కించరు. దానికి పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ వేరే ఉంది, 2016 ఆధారంగా లేబర్ బ్యూరో తయారు చేస్తుంది. డీఏకు పన్నెండు నెలల సగటు తీసుకుంటారు కాబట్టి టమాటా దూకుళ్ళు అందులో కొంత అణుగుతాయి. కేంద్ర ఉద్యోగుల డీఏ 2025 జూలైలో 58 శాతానికి చేరింది. అంటే ఏడో వేతన సంఘం లెక్క మొదలుపెట్టిన నాటి నుంచి ధరలు దాదాపు అంత పెరిగాయని ప్రభుత్వమే ఒప్పుకుని డబ్బు కడుతోందన్నమాట. డీఏ లేని ఉద్యోగాలే దేశంలో ఎక్కువ. వాళ్ళకు ఈ ఒప్పుకోలు వర్తించదు.

అత్తయ్య "ఏ ఊళ్ళో" అన్నదానికి రాష్ట్రాల అంకెలు చెబితే ఆవిడ ఇంకా ఆశ్చర్యపోయింది. 2025 జూన్‌లో దేశ ద్రవ్యోల్బణం 2.1 శాతం. కేరళలో 6.71. ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా సున్నా. తెలంగాణలో మైనస్ 0.93, అంటే ఏడాది కిందటి కంటే మూట చవకైంది. కేరళ వంటింట్లో కొబ్బరినూనె లేకుండా పొయ్యి వెలగదు, ఆ ఏడు దాని ధర ఆకాశానికెక్కింది. మన వైపు అన్నం, పప్పు, కూరగాయలు, మిరపకాయ ముఖ్యం. ఇవన్నీ కలిసికట్టుగా దిగాయి. తెలంగాణ ప్రభుత్వం ఆ ఏటి ఉగాది నుంచి రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. బయట సన్నబియ్యం కొనే అవసరం అంతమేర తగ్గిన ఇళ్ళు లక్షల్లో ఉంటాయి.

ఇంతవరకూ చదివి "మన రాష్ట్రాలు అదృష్టవంతమైనవి" అనుకుంటే సగం కథే చదివినట్టు. ఆ ధర దిగిన సరుకులన్నీ ఎవరో ఒకరు పండించినవే. గుంటూరు మిర్చినే చూడండి. 2023 జూలైలో దేశంలో మసాలా దినుసులు 21 శాతం పైగా పెరిగాయి. యార్డులో ఎండుమిర్చి క్వింటాలు 20 వేల పైన పలికిన రోజులవి. ధర చూసి జనం మిర్చే వేశారు. 2025 మొదట్లో పంట యార్డుకు వచ్చేసరికి ధర కూలిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. అదే సమయంలో ద్రవ్యోల్బణం పట్టికలో మసాలాల పక్కన మైనస్ గుర్తు ఉంది. పచ్చడి పెట్టుకునే ఇంటికి అది ఊరట. టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపి, కమీషన్ ఏజెంటు మొహం చూసి, ఇవాళ అమ్మాలా శీతల గిడ్డంగిలో పెట్టాలా తేల్చుకోలేని రైతుకు అదే మైనస్ గుర్తు ఇంటికి రావాల్సిన డబ్బు మీద పడింది. వినియోగదారుల సూచీ పేరులోనే ఉంది కదా, అది కొనేవాడి వైపు కూర్చుని చూస్తుంది. మన పల్లెల్లో కొనేవాడూ అమ్మేవాడూ చాలాసార్లు ఒకే మనిషి.

రిజర్వు బ్యాంకు జవాబు చెప్పాల్సింది మాత్రం దేశ ద్రవ్యోల్బణం అనే ఈ ఒక్క అంకెకే. 2016లో చట్టం సవరించి దానికి ఒక లక్ష్యం పెట్టారు: ద్రవ్యోల్బణం 4 శాతం ఉండాలి, రెండు అటూ ఇటూ అయితే సరే. వరసగా మూడు త్రైమాసికాలు ఆ గీత దాటితే కారణం రాసి ప్రభుత్వానికి ఇవ్వాలి. 2022లో సరిగ్గా అదే జరిగింది. ఆ ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79కి చేరింది, ఉక్రెయిన్ యుద్ధం, చమురు, వంటనూనె అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. ఆ నవంబర్‌లో బ్యాంకు వివరణ రాసిచ్చింది. తాను బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీని, అంటే రెపో రేటును, 4 నుంచి 6.5కు పెంచింది, మన ఇళ్ళ రుణాల ఈఎంఐలు పెరిగింది అందుకే. ధరలు చల్లబడ్డాక 2025లో నాలుగు సార్లు తగ్గించి 5.25కు తెచ్చింది.

వడ్డీ పెంచితే జనం కార్లు, ఇళ్ళు కొనడం తగ్గిస్తారు, ఆ ధరలు నెమ్మదిస్తాయి. రెపో రేటు పెంచితే మదనపల్లెలో టమాటాను చెడగొట్టే వాన ఆగదు. ఈ చిక్కు చూసే 2023-24 ఆర్థిక సర్వే ఒక ఆలోచన బయటపెట్టింది: ఆహారాన్ని తీసేసి మిగతా ద్రవ్యోల్బణాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే ఎలా ఉంటుంది? కాగితం మీద బాగానే ఉంది. కాకపోతే తిండి ధర చూసే కూలీ కూలిరేటు అడుగుతాడు, హోటలువాడు ఇడ్లీ ప్లేటు మీద ఐదు పెంచుతాడు. టమాటా ధర దిగినా ప్లేటు ధర దిగిన హోటలు నేనింతవరకూ చూడలేదు. ఆహారాన్ని లెక్కలోంచి తీసేసిన బ్యాంకు, తన ప్రజల్లో సగం మంది బతుకును లెక్కలోంచి తీసేసినట్టే. కొత్త సూచీలో తిండి వాటా 46 నుంచి 37 లోపుకు తగ్గడంతో ఆ చర్చకు ఇప్పుడు అంత పదును లేదు.

తక్కువ ద్రవ్యోల్బణం అందరికీ మంచిదేనా అన్నదానికి అత్తయ్య లెక్కలోనే జవాబు ఉంది. మళ్ళీ వడ్డీ దగ్గరికి రావాలి.

ఒక కౌలు రైతు మిర్చి సాగుకు లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. ఏడాదికి అసలూ వడ్డీ కలిపి లక్షా ఇరవై నాలుగు వేలు. క్వింటాలు 20 వేలు ఉన్న ఏడు ఆ అప్పు తీర్చడానికి ఆరు క్వింటాళ్ళ ఇరవై కిలోలు అమ్మితే చాలు. క్వింటాలు 11,781 ఉన్న ఏడు పది క్వింటాళ్ళ యాభై కిలోలు దాటాలి. అప్పు కాగితం మీద ఒక్క రూపాయి మారలేదు, రేటు మారలేదు. కళ్ళంలో మాత్రం నాలుగు క్వింటాళ్ళు ఎక్కువ పోయాయి. ధరలు పెరిగే రోజుల్లో అప్పు కొంత దానంతటదే కరుగుతుంది. 1974లో దేశంలో ద్రవ్యోల్బణం 28 శాతం దాటింది, ఆ ఏడు నూటికి రెండు రూపాయలకు అప్పిచ్చినవాడు నిజానికి నష్టపోయాడు. 0.25 ఉన్న ఏడాదిలో నూటికి రెండు రూపాయలంటే దాదాపు పూర్తిగా 24 శాతమూ బరువే.

ఈ లెక్క కాగితం మీద వేసి అత్తయ్యకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూసింది. ఆరు, పది అంకెల మీద వేలు పెట్టి కాసేపు ఆగింది.

"మరి ఈ పావలా సంగతి వడ్డీ వాడికెవరైనా చెప్పారా?" అంది.